శివారు నివాసం: విశాఖ తీరం నుంచి అరకు కొండల దాకా

నగరంలో సంపాదించుకుంటూ, నగరపు ఇరుకుకు ఎడంగా విశాలమైన స్థలంలో విడి ఇల్లు కట్టుకుని, రోజూ పనికి వెళ్లి వచ్చే కలిగినవారి జీవన విధానమే శివారు నివాసం. దానికి నాలుగు సమకూరాలి: దగ్గరలో ఒక నగరం, పొద్దున వెళ్లి చీకటిపడేలోగా తిరిగి రాగల దారి, అమ్మకానికి దొరికే భూమి, కొనగల డబ్బు. విశాఖపట్నానికి ఎగువన తూర్పు కనుమల్లో ఉన్న అరకు లోయకు చల్లదనం, పచ్చదనం, మంచి గాలి అన్నీ ఉన్నాయి. జనం కూడా పలచనే. అయినా అది విశాఖకు శివారు కాలేదు. దూరం కొంత కారణం. అంతకన్నా పెద్ద కారణం అక్కడి భూమి గిరిజనేతరులకు అమ్మడానికి వీలులేనిది కావడం.

ఇంగ్లండులో ఎబెనీజర్ హోవర్డ్ 1898లో పల్లె సుఖాన్నీ నగర సౌకర్యాన్నీ కలిపే ఉద్యాన నగరం అనే ఆలోచనను పుస్తకంగా రాశాడు. 1903లో లెచ్‌వర్త్‌తో అది ఆచరణలోకి వచ్చింది. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం ముగిసి, కారు అందరి చేతికీ వచ్చాక, మధ్యతరగతి అంతా శివార్లకు కదిలింది. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిటౌన్ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. ఆ ఇళ్లలో నల్లజాతివారు కాపురం ఉండకూడదన్న షరతు తొలినాటి ఒప్పందాల్లోనే ఉంది. అంతకుముందే, 1926లో, యూక్లిడ్ గ్రామం కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఫలానా వీధుల్లో విడి ఇళ్లే ఉండాలని, అపార్ట్‌మెంట్లు రాకూడదని శాసించే అధికారం స్థానిక సంస్థలకు ఉందని తేల్చింది. ఇంటి స్థలం ఇంతకు తగ్గకూడదని నిబంధన పెడితే చాలు, చిన్న ఆదాయం ఉన్నవాడిని ఎవరూ పొమ్మనక్కర్లేదు, అతడు రానే రాలేడు. న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సస్‌లోని ప్లేనో, ఫ్రిస్కో వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారు బతుకుతున్నది ఇలాంటి నిబంధనలతో రూపుదిద్దుకున్న పట్టణాల్లోనే. శివారు ప్రశాంతత చాలాచోట్ల లేనివాళ్లను బయట ఉంచి సంపాదించినది. అరకు కొండల్లో చట్టం పనిచేసింది ఇందుకు సరిగ్గా ఎదురు దిశలో.

వాల్తేరు మెట్ట

విశాఖలో శివారు నివాసానికి తొలి చిరునామా వాల్తేరు. రేవు, బజారు ఉన్న పాతపట్నం ఉప్పుటేరు పక్కన పల్లంలో ఇరుకుగా ఉండేది. దానికి ఉత్తరాన ఉన్న ఎర్రమట్టి మెట్టకు సముద్రపు గాలి తగిలేది. కంపెనీ కాలపు ఆంగ్లేయ అధికారులు, తర్వాతి తరం కలెక్టర్లు, జడ్జీలు, సైనికాధికారులు ఆ మెట్టను ఎంచుకున్నారు. ఒక్కో బంగళాకు పెద్ద ఆవరణ, తోట, గుర్రపుశాల, వెనక నౌకర్ల గదులు ఉండేవి. బంగళాకూ బంగళాకూ మధ్య ఎంతో ఎడం. 1883లో వాల్తేరు క్లబ్బు వెలిసింది. పని ఒకచోట, కాపురం ఇంకోచోట అనే ఏర్పాటు ఈ ప్రాంతంలో అప్పుడే మొదలైంది. దాన్ని మొదట అనుభవించింది తెల్లవారు, నడిపించింది వారి నౌకర్లు, బండివాళ్లు, నీళ్లు మోసినవాళ్లు.

జమీందార్లు వారిని అనుసరించారు. బీచ్ రోడ్డులో ఇప్పటికీ నిలిచి ఉన్న హవా మహల్‌ను ఇప్పటి ఒడిశాలోని జయపూర్ మహారాజు రామచంద్రదేవ్ 1917–23 మధ్య కట్టించాడు. అనంతగిరి, అరకు వైపు కొండలు ఆ జయపూర్ జమీందారీలోవే. అక్కడి అడవి నుంచి, పంట నుంచి వచ్చిన శిస్తులు కూడా ఆ సంస్థానపు రాబడిలో భాగం. కొండకూ తీరానికీ మధ్య డబ్బు ఎటునుంచి ఎటు ప్రవహించిందో చెప్పడానికి ఆ ఒక్క మేడ చాలు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కొన్నేళ్లకు వాల్తేరులో స్థిరపడింది. ఆ ఆవరణ పుణ్యాన నగరం నడిబొడ్డున ఈనాటికీ చెట్లూ ఖాళీ నేలా మిగిలాయి. 1933లో ఓడరేవు తెరుచుకున్నాక, ఆపైన నౌకానిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం వరసగా వచ్చాక పట్నం నగరమైంది, శివారు నగరంలో కలిసిపోయింది. వాల్తేరు అప్‌ల్యాండ్స్ అనే పేరు మిగిలింది కానీ, బంగళాల ఆవరణల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి అపార్ట్‌మెంట్లే. ప్రణాళిక బాధ్యత 1962లో పట్టణ ప్రణాళికా ట్రస్టుకు, 1978లో పట్టణాభివృద్ధి సంస్థ వుడాకు, 2018లో మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థకు దఖలుపడింది. సంస్థ మారిన ప్రతిసారీ దాని ఏలుబడిలోకి వచ్చిన పల్లెల సంఖ్య పెరిగింది.

తీరం వెంట ఉత్తరానికి

వాల్తేరు నిండాక విశాలమైన ఇల్లు కోరుకునేవారు తీరం వెంట ఉత్తరానికి కదిలారు: సాగర్‌నగర్, ఎండాడ, రుషికొండ, మధురవాడ, అక్కడి నుంచి భీమునిపట్నం దాకా. రుషికొండ, మధురవాడ కొండల మీద ఐటీ భవనాలు వచ్చాక ఇంటికీ పనికీ మధ్య దూరం తగ్గి, ఆ దారిలో గేటెడ్ కమ్యూనిటీలు, విల్లాలు పెరిగాయి. విల్లా కొన్నవారిలో రిటైరైన అధికారులు, వ్యాపారులు, డాక్టర్లతోపాటు పరదేశంలో ఉద్యోగం చేస్తూ ఇక్కడ ఒక ఇల్లు ఉంచుకోవాలనుకున్న తెలుగువారూ ఉన్నారు. భీమిలి చాలా పాత పట్టణం. 1861లోనే మునిసిపాలిటీ అయింది, డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అది ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగం.

ఈ పెరుగుదలకు రెండు సహజమైన అడ్డుకట్టలు ఉన్నాయి. ఒకటి కంబాలకొండ అభయారణ్యం. దానికి ఆ రక్షణ లేకపోయి ఉంటే సింహాచలం వెనక కొండలన్నీ ఈపాటికి ప్లాట్లుగా మారేవి. రెండోది భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లపాటు గాలీ నీరూ మలిచిన ఆ దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా వాటి చుట్టూ, వాటి నీటివాలులో లే-అవుట్లు వేసే ప్రయత్నాలు ఆగడం లేదు. దిబ్బను వదిలి దాని పైవాలును చదును చేసినా దిబ్బ బతకదు. అక్కడ ప్లాటు కొనేవారికి ఈ సంగతి చెప్పేవారు కనిపించరు.

ఇక నీరు. పలచని కాలనీకి తోటలూ లాన్లూ ఉంటాయి కాబట్టి తలసరి నీటి వాడకం ఎక్కువ. పైపుల పొడవూ ఎక్కువే. విశాఖకు తాగునీరిచ్చే జలాశయాల్లో తాటిపూడి గోస్తనీ నది మీద ఉంది. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడిలో ఆగి, చివరకు భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నగరానికి నీరిచ్చే మరో జలాశయం రైవాడ శారదా నది మీదిది. ఆ నది పుట్టిందీ ఈ కనుమల్లోనే. అంటే తీరంలోని విల్లాకు కొండల్లోని గిరిజన గూడెంతో ప్రతి పూటా సంబంధం ఉంది, కుళాయి తిప్పినప్పుడల్లా. ఎగువన అడవి ఎలా ఉందన్నది దిగువన ఇంటి ధర కడుతున్నవారు అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఘాట్ ఎక్కలేకపోయిన నగరం

కొండల మీద చల్లని నివాసం కావాలన్న కోరిక కొత్తది కాదు. తెల్లవారు నీలగిరుల్లో ఊటీని కట్టుకున్నట్టే ఇక్కడా కట్టుకోవాలనుకున్నారు. 19వ శతాబ్దంలో అనంతగిరి దాపున ఉన్న గాలికొండ మీద యూరోపియన్ సైనికులకు ఆరోగ్య విడిది ఏర్పాటు చేయాలని ప్రయత్నించారు. 1,600 మీటర్లు దాటిన ఆ కొండ మీద గాలి చల్లనిదే, కానీ మన్యం జ్వరం వారిని నిలవనీయలేదు. ప్రయత్నం విరమించుకున్నారు. మలేరియా భయం ఆ తర్వాత చాలా కాలం మైదానపువారిని కొండకు దూరంగా ఉంచింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి అరకులో వేసిన తోటే ఇప్పటి పద్మాపురం ఉద్యానం.

దారి పెద్ద ఎత్తున తెరిచింది రైలు. బైలడీల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. మొత్తం 58 సొరంగాలు. దారిలోని శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తయినదని చాలా కాలం పేరు. అయితే అది ఖనిజం కోసం వేసిన దారి. పొద్దున విశాఖలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్ అరకు చేరడానికి నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. 2017లో అద్దాల బోగీ చేర్చినా ప్రయాణం వేగం పెరగలేదు, పర్యాటకుల సంఖ్య పెరిగింది. రోడ్డు మీద శృంగవరపుకోట గుండా విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. బొడ్డవర దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి, మూడు గంటలు పడుతుంది. రోజూ వెళ్లి రాగల దూరం కాదది. ఉద్యోగులు ఈ దూరాన్ని మరోలా పరిష్కరించుకున్నారు. కొండ మీద పనిచేసే పలువురు ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బంది, అధికారులు కుటుంబాన్ని విశాఖలోనో శృంగవరపుకోటలోనో ఉంచి, వారాంతాల్లో దిగి వస్తుంటారు. ఇక్కడ పని ఉన్నది కొండ మీద, కాపురం ఉన్నది పట్నంలో.

ఒకటి బై డెబ్బై

రోడ్లు మెరుగుపడితే దూరం తగ్గుతుంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి పూర్తయితే ఇంకా తగ్గుతుంది. అయినా తగ్గనిది చట్టం గీసిన గీత. మన్యంలో అందరూ ‘ఒకటి బై డెబ్బై’ (1/70) అని పిలిచే ఆ చట్టం గురించి తెలియకుండా ఇక్కడి నివాసాల గురించి ఏమీ అర్థం కాదు.

బ్రిటిష్ ప్రభుత్వం 1839 నుంచే గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ భాగాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరునే ఏజెంటుగా పెట్టి పాలించింది. ఏజెన్సీ అనే పేరు అలా వచ్చిందే. షావుకార్ల చేతుల్లోకి కొండ భూములు జారిపోతుంటే 1917లో ఒక చట్టం తెచ్చారు. ఏజెంటు అనుమతి లేనిదే కొండజాతివారి భూమిని ఇతరులకు ఇవ్వడం చెల్లదన్నారు. అనుమతి అనే కిటికీ తెరిచే ఉంది కాబట్టి భూములు పోతూనే ఉన్నాయి. స్వతంత్ర భారతంలో ఈ ప్రాంతం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో ఒకటో నంబరు సవరణ దానికి పదును పెట్టింది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికి లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి మాత్రమే బదిలీ కావాలి. అమ్మేవాడు గిరిజనేతరుడైనా కొనేవాడు గిరిజనుడే కావాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చినదేనని చట్టం ముందే భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసింది అతడే. అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ బదిలీ కిందికే వస్తాయి. కొనే గిరిజనుడు దొరక్కపోతే పరిహారమిచ్చి ప్రభుత్వం తీసుకునే దారి ఉంది. సుప్రీంకోర్టు 1988లో రామిరెడ్డి కేసులో ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనని నిలబెట్టింది.

1997 జూలై 11న వచ్చిన సమతా తీర్పు మరో మెట్టు ఎక్కింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. భూమిని బదలాయించే ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా ఉంటుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వడం చెల్లదని ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీ తేల్చింది, మూడో న్యాయమూర్తి విభేదించారు. గనుల కోసం మొదలైన ఆ వ్యాజ్యం ప్రైవేటు రిసార్టులకు, విల్లాలకు కూడా తలుపు మూసింది. అరకు, అనంతగిరి, టైడాల్లో పేరున్న విడిది గృహాలు ఎక్కువగా ప్రభుత్వ పర్యాటక సంస్థవే కావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ చట్టం లేకుంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి హైదరాబాదు చాలు. బంజారాహిల్స్ అనే పేరు ఆ రాతిగుట్టల మీద బతికిన బంజారాల నుంచి వచ్చింది. 1920లు, 30లలో మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకుని, తోటివారినీ ప్రోత్సహించి, ఆ గుట్టలను నిజాం కాలపు పెద్దల నివాసంగా మార్చారు. 1960లలో పక్కనే జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం మొదలైంది. నేడు రెండూ తెలుగునాట సంపన్న శివారు నివాసానికి మారుపేర్లు. తెలంగాణలో లంబాడీలను షెడ్యూల్డ్ తెగగా గుర్తించిన చట్టం 1976లో వచ్చింది. అప్పటికే గుట్టలు చేతులు మారాయి. కొండ మీద పేరు మిగిలింది, పేరు ఇచ్చినవారు మిగలలేదు. అరకులో బగత, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, వాల్మీకి, కోదు కుటుంబాలు ఇంకా తమ నేల మీదే ఉన్నాయంటే అది ఏదో యాదృచ్ఛికంగా జరిగింది కాదు, 1/70 వల్ల జరిగింది.

చట్టాన్ని దాటేవారు లేరని కాదు. గిరిజనుల పేరు మీద బినామీ కాగితాలు, భూమి కోసమే గిరిజన స్త్రీని పెళ్లాడడం, నోటిమాట కౌలు, ‘భాగస్వామ్యం’ పేరుతో నడిచే లాడ్జీలు మన్యంలో అందరికీ తెలిసిన సంగతులే. చలికాలంలో లంబసింగి మంచుకు, వంజంగి మేఘాలకు జనం వెల్లువెత్తడం మొదలయ్యాక ఈ దొడ్డిదారుల మీద రాబడి పెరిగింది. గిరిజన కుటుంబం తన ఇంట్లో తానే అతిథులకు గది ఇస్తే ఆ డబ్బు ఊళ్లో ఉంటుంది. పేరు మాత్రమే గిరిజనుడిదైతే అతనికి దక్కేది తన నేల మీద కూలి.

కొండ మీద పలచదనం

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 9.54 లక్షలు. చదరపు కిలోమీటరుకు 78 మంది. అమెరికాలోని చాలా సంపన్న శివార్లు కూడా ఇంత పలచగా ఉండవు. అయితే శివారులో పలచదనం కొనుక్కున్నది, కొండలో అది నేల తీరును బట్టి ఏర్పడినది. వాలులో నీటి ఊట ఉన్నచోట ఇరవై ముప్పై ఇళ్ల గూడెం, దాని చుట్టూ చోడి, సామ, వలిసెల పొలాలు, పైన సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, మళ్లీ అడవి, మళ్లీ ఇంకో గూడెం. గూడెంలో మాత్రం ఇళ్లు దగ్గరదగ్గరగా వరస కట్టి ఉంటాయి, ప్రహరీలు ఉండవు. మనుషులు కలిసి, ఊళ్లు ఎడంగా బతికే పద్ధతి ఇది. విల్లా కాలనీలు దీనికి తలకిందులు.

శివారులో పలచదనానికి అయ్యే ఖర్చును కారు, పెట్రోలు, బోరు, కాపలాదారు రూపంలో ఇంటివారు డబ్బుతో తీరుస్తారు. కొండలో అదే ఖర్చును మనుషులు కాళ్లతో తీరుస్తారు. సంతకు నడక, రేషనుకు నడక, బడికి నడక. రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణినీ రోగినీ డోలీ కట్టి మోసుకురావడం ఈ కాలంలోనూ ఆగలేదు. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో ప్రవేశాలు మొదలుపెట్టడం పెద్ద మేలే, కానీ ఆస్పత్రి ఎంత పెద్దదైనా గూడెం నుంచి రోడ్డెక్కేదాకా ఉన్న దారి దారే. భూమిని కాపాడిన చట్టం అక్కడికి రోడ్డు వేయదు. 1/70 వల్లే కొండలు వెనకబడ్డాయని వాదించేవారు ఈ రెండింటినీ కలిపేస్తారు. రోడ్డు, ఆస్పత్రి, బడి వేయవలసింది ప్రభుత్వం. అందుకు భూమి బయటివారికి అమ్మవలసిన పని లేదు. అరకు కాఫీయే అందుకు సాక్ష్యం. గిరిజనులు తమ చిన్న చిన్న కమతాల్లో పండించిన గింజ పారిస్ దాకా వెళ్లింది, 2019లో అరకు వ్యాలీ అరబికా పేరిట భౌగోళిక గుర్తింపు పొందింది. భూమి మాత్రం వారిదే.

అసలు ఒత్తిడి ఎక్కడ

శివారు కొండ మీదికి ఎక్కలేదు కానీ కొండ అడుగు దాకా వచ్చేసింది. ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి ఆరు వరుసల రహదారి, భోగాపురం విమానాశ్రయం, 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన డేటా కేంద్రం, ఇవన్నీ విశాఖ ఉత్తర, పశ్చిమ శివార్లలో భూమి ధరను పెంచాయి. కొత్తవలస, శృంగవరపుకోట వైపు మామిడి, జీడి తోటలు ఫామ్ ప్లాట్లుగా మారుతున్నాయి. ప్రకటనల్లో అరకు దారి, కొండ దృశ్యం, విశాఖకు గంట ప్రయాణం అని కనిపిస్తుంది.

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. శృంగవరపుకోట, దేవరాపల్లి, మాడుగుల, రావికమతం, రోలుగుంట వంటి మండలాల్లో కొండవాలు మీద గిరిజన గూడేలు ఎన్నో ఉన్నాయి. మనుషులు ఆ తెగలవారే, పోడు అదే, డోలీ అదే. అయితే 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితాలో ఆ ఊళ్లు చేరలేదు. కాబట్టి 1/70 అక్కడ వర్తించదు. నాన్-షెడ్యూల్డ్ గిరిజన గ్రామాలు అనే పేరుతో అవి దశాబ్దాలుగా అయిదో షెడ్యూలులో చేర్చమని అడుగుతూనే ఉన్నాయి. శివారు విస్తరించే దారిలో సరిగ్గా అవే ఉన్నాయి. జీడితోట వేసుకుని పట్టా లేకుండా సాగు చేసుకుంటున్న కుటుంబం పక్కకు ఒకరోజు సర్వే రాళ్లు వస్తాయి. బంజారాహిల్స్‌లో జరిగినది మళ్లీ జరగడానికి కావలసిన పరిస్థితులన్నీ ఇప్పుడు ఆ కొండవాలు మీద ఉన్నాయి.

ఆ గ్రామాలను అయిదో షెడ్యూలులో చేర్చడం మొదట జరగాల్సిన పని. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం కాదు కనుక, దాని కింద సాగుదారులకు హక్కుపత్రాలు ఇవ్వడం ఈలోగానే చేయవచ్చు. కొండ అంచున ప్లాటు చూసుకుంటున్న పాఠకులు ఆ సర్వే నంబరును గతంలో ఎవరు సాగు చేశారో ఊళ్లోకి వెళ్లి అడగండి, గ్రామం షెడ్యూల్డ్ జాబితాలో ఉందేమో తహసీల్దారు కార్యాలయంలో చూడండి. జాబితాలో ఉంటే, గిరిజనేతరుల పేరిట ఇప్పుడు రాసే ఏ అమ్మకం కాగితమూ చెల్లదు.